ఆ ఇల్లు ఎవరి పేరున ఉంది? - గోథిక్ నవలలూ, వాటి సినిమాలూ

గోథిక్ రొమాన్సుల గురించి, అందులోనూ వాటి సినిమాల గురించి ఈ పత్రికలో రాయటమేమిటని కొందరు మిత్రులు నొసలు చిట్లించవచ్చు. ఒకప్పుడు నేనూ అలా చిట్లించినవాణ్ణే. 1978లో పలాయనవాద సాహిత్యం మీద ఒక సభలో మాట్లాడటానికి కాగితాలు సిద్ధం చేసుకుంటున్నాను. మా అక్క పుట్టింటికి వచ్చి ఉంది. పక్కన కూర్చుని అద్దె పుస్తకాల షాపు నుంచి తెచ్చిన నవల చదువుకుంటోంది. ఆమెను ఎద్దేవా చేసే ఉద్దేశంతోనే, ఫిల్మ్ సొసైటీలో చూసిన హిచ్‌కాక్ 'రెబెక్కా' కథ చెప్పాను. దిక్కులేని పిల్ల, సముద్రం ఒడ్డున మాండర్లీ అనే పెద్ద భవనం, భార్య పోయిన శ్రీమంతుడు, చచ్చిపోయినా ఇల్లంతా పరుచుకున్న మొదటి భార్య, ఆమె వస్తువులను దేవుడి సామానులా కాపాడుతున్న గృహనిర్వాహకురాలు. అక్క అంతా విని, "అయితే ఏమిట్రా, ఆ ఇల్లు ఎవరి పేరున ఉంది?" అంది.

"ఎవరి పేరునైతేనేం అక్కా, అది దెయ్యాల కథలాంటిది" అన్నాను.

"పేరు తెలియకుండా దెయ్యం సంగతి ఎట్లా తేలుతుందిరా?" అని మళ్ళీ పుస్తకంలో పడిపోయింది.

అప్పటికి రెండేళ్ల కిందటే పసుపు కుంకుమ కింద నాన్న ఆమెకిచ్చిన ఎకరంన్నర మాగాణిని అత్తవారు అమ్మేశారు. కాగితం మీద ఏముందో చదవనివ్వకుండానే సంతకం పెట్టించారు. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసి కూడా ఆమె ప్రశ్నకూ ఆమె సంతకానికీ ఉన్న సంబంధం నాకు తట్టలేదు. సభలో నా ప్రసంగానికి చప్పట్లు బాగానే పడ్డాయి. ఈ వ్యాసం ఆ ప్రసంగానికి ఆలస్యంగా రాస్తున్న సవరణ.

గోథిక్ నవలకు తొలి పుస్తకంగా 1764లో వచ్చిన హొరేస్ వాల్పోల్ 'ది కాజిల్ ఆఫ్ ఒట్రాంటో'ను చెపుతారు. అందులో జరుగుతున్నదేమిటి? అక్రమంగా కోటను అనుభవిస్తున్న ప్రభువు వంశం అంతరించి, ఆస్తి అసలు వారసుడికి చేరటం. అంటే పుట్టుకలోనే ఇది హక్కు పత్రాల కథ. ఆకాశం నుంచి ఊడిపడిన ఇనుప శిరస్త్రాణం, కదిలే బొమ్మలు ఇవన్నీ ఆ దావాలో సాక్షులు. 1794లో ఆన్ రాడ్‌క్లిఫ్ రాసిన 'ది మిస్టరీస్ ఆఫ్ ఉడాల్ఫో'లో దుర్మార్గుడు కథానాయిక మేనత్తను పెళ్లాడి, ఆమె ఆస్తి రాయించుకోవటానికే ఆమెను కోటలో బంధిస్తాడు. రాడ్‌క్లిఫ్ చేతిలో ఈ ప్రక్రియకు స్త్రీ కేంద్రమయింది. అందులో ఆశ్చర్యమేమీ లేదు. ఇంగ్లండులో 1870, 1882 సంవత్సరాల చట్టాలు వచ్చేదాకా పెళ్లయిన స్త్రీకి చట్టం దృష్టిలో వేరే ఆర్థిక వ్యక్తిత్వమే లేదు. ఆమె చరాస్తి మొగుడిదైపోయేది, సంపాదన మొగుడిదయ్యేది. అలాంటి సమాజంలో, కొత్త ఇంట్లో అడుగుపెట్టిన ఆడపిల్ల తాళం వేసిన గదిని చూసి భయపడిందంటే, దాన్ని ఊహావిహారం అని కొట్టిపారెయ్యటం మగవాడికి సులువు.

సినిమా ఈ నవలలను ఏం చేసిందన్నదే నా ప్రశ్న. ఒక్క మాటలో చెప్పాలంటే ప్రేమను ఉంచుకుంది, పొగమంచును రెట్టింపు చేసింది, దస్తావేజులను చింపేసింది. చింపటంలో ఎక్కువ తక్కువలున్నాయి. నా ఇష్టానిష్టాలు ఆ ఎక్కువ తక్కువలను బట్టే.

'రెబెక్కా'తోనే మొదలుపెడతాను. డాఫ్నె డు మోరియె నవల 1938లో వచ్చింది. నిర్మాత సెల్జ్‌నిక్, దర్శకుడు హిచ్‌కాక్ 1940లో సినిమా తీశారు. ఆ ఏటి ఉత్తమ చిత్రంగా అకాడమీ బహుమతి పొందింది. నవలలో మాక్సిమ్ తన మొదటి భార్యను తుపాకీతో కాల్చి చంపుతాడు. కడుపులో బిడ్డ ఉందనీ, ఆ బిడ్డ అతని వారసుడిగా మాండర్లీలో పెరుగుతాడనీ ఆమె రెచ్చగొట్టిన క్షణంలో చంపుతాడు. పరాయి రక్తం తన ఎస్టేటుకు వారసత్వం పొందుతుందన్న భయమే తుపాకీ మీట నొక్కింది. భూస్వామి చేసిన హత్య అది. హాలీవుడ్ స్వీయ నియమావళి ప్రకారం హంతకుడికి తెరమీద శిక్ష పడి తీరాలి. శిక్ష పడితే కథానాయకుడు మిగలడు. అందుకని సినిమాలో రెబెక్కా తూలిపడి, పడవ సామానుకు తల తగిలి చచ్చిపోతుంది. హత్య ప్రమాదమయింది. నీతిని కాపాడటానికి పెట్టుకున్న నియమం చివరికి కాపాడింది భూస్వామి మర్యాదను!

అయినా ఈ సినిమాను నేను తీసిపారెయ్యను. నవలలో రెండో భార్యకు పేరు లేదు. సినిమాలోనూ పేరు పెట్టలేదు. పేరులేని మనిషి పెద్ద పెద్ద తలుపుల ముందు చిన్నదై, ఎదుటివాళ్ల వంక బెదురుగా చూస్తూ తిరగటాన్ని జోన్ ఫాంటెయిన్ నటించిన తీరులో నిజముంది. చైనా బొమ్మ పగలగొట్టి, నౌకర్లకు భయపడి, ముక్కలను సొరుగులో దాచే ఇంటి యజమానురాలు ఆమె. కొత్త కోడలి స్థితి తెలిసినవాళ్లెవరూ దాన్ని మర్చిపోలేరు.

మన దేశంలో ఈ కథ 1964లో హిందీలో 'కోహ్రా' అయింది. బీరేన్ నాగ్ దర్శకత్వం, హేమంత్ కుమార్ నిర్మాత, సంగీతమూ ఆయనదే. గృహనిర్వాహకురాలిగా లలితా పవార్, కొత్త భార్యగా వహీదా రెహమాన్. ఈ వహీదా రెహమాన్ తెలుగువాళ్లకు పరాయి మనిషి కాదు. 1955లో తాపీ చాణక్య తీసిన 'రోజులు మారాయి'లో ఏరువాక పాటకు నాట్యం చేసి జనం కళ్లల్లో పడింది. భూమి కోసం రైతులు జమీందారును ఎదిరించిన ఆ కథ నుంచి, రాజాగారి భవనంలో తెరలు కదిలితే ఉలిక్కిపడే కథ దాకా ఆమె ప్రయాణం తొమ్మిదేళ్లు. ఇది ఒక నటి ప్రయాణమే కాదని నాకు అనిపిస్తుంది. మద్రాసు రాష్ట్రంలో ఎస్టేట్ల రద్దు చట్టం 1948లో, బీహారులో 1950లో, పశ్చిమ బెంగాలులో 1953లో వచ్చాయి. సరిగ్గా ఆ కాలంలోనే 'మహల్' (1949), 'మధుమతి' (1958), 'బీస్ సాల్ బాద్' (1962), 'కోహ్రా' వరసగా దెయ్యాల మేడలను తెరకెక్కించాయి. జమీందారు చట్టంలోంచి వెళ్లిపోయి తెరమీద దెయ్యమై తిరిగాడా? దీన్ని సిద్ధాంతంగా ప్రతిపాదించటం లేదు. 'మధుమతి'లో మాత్రం జమీందారు చేసిన పాపానికి లెక్క అడిగారు, కథ రాసిన ఋత్విక్ ఘటక్ చెయ్యి అందులో కనపడుతుంది. 'కోహ్రా'లో ఆ లెక్క లేదు. హేమంత్ కుమార్ పాటలున్నాయి, బాగున్నాయి.

ఇక నాకు అన్నిటికంటే అయిష్టమైన సినిమా. 1939లో విలియం వైలర్ తీసిన 'వుదరింగ్ హైట్స్'. లారెన్స్ ఒలీవియర్, మెర్ల్ ఒబెరాన్. గ్రెగ్ టోలండ్ ఛాయాగ్రహణానికి అకాడమీ బహుమతి. ఆ సంవత్సరం 'గాన్ విత్ ద విండ్'ను పక్కకు నెట్టి న్యూయార్కు విమర్శకులు ఉత్తమ చిత్రంగా ఎన్నుకున్నది దీన్నే. ఇంత పేరున్న చిత్రాన్ని ఎందుకు తిడుతున్నానో చెప్పాలి.

ఎమిలీ బ్రాంటీ నవల 1847 డిసెంబరులో వచ్చింది. 34 అధ్యాయాలు. నాయిక కాథరిన్ 16వ అధ్యాయం మొదట్లోనే చనిపోతుంది. సినిమా దాదాపు అక్కడితో ఆగిపోతుంది. మిగిలిన సగంలో ఏముంది? ప్రేమ విఫలమయిన హీత్‌క్లిఫ్ రెండు ఎస్టేట్లనూ ఎలా మింగాడన్న వృత్తాంతం ఉంది. సి.పి. సాంగర్ అనే ఇంగ్లీషు న్యాయవాది 1926లో ఈ నవల నిర్మాణం మీద ఒక చిన్న పుస్తకం వేశాడు. సాహిత్య విద్యార్థులు తప్పక చదవవలసినది. నవలలోని సంవత్సరాలను, వంశవృక్షాన్ని, ఆస్తి చట్టాన్ని ఒక వకీలు దావా కాగితాలు చూసినట్టు చూశాడు. యార్క్‌షైర్ మారుమూల మతగురువు కూతురికి భూమి చట్టం అంత కచ్చితంగా తెలియటం చూసి ఆయనకే ఆశ్చర్యం కలిగింది.

ఆ లెక్క ఇది. హిండ్లీ జూదంలో అప్పులు చేసి భూమినంతా హీత్‌క్లిఫ్‌కు తాకట్టు పెట్టాడు. అతను చనిపోగానే తాకట్టు పట్టినవాడే యజమానిగా కూర్చున్నాడు, హిండ్లీ కొడుకు సొంత ఇంట్లో జీతం లేని పాలేరయ్యాడు. రెండో ఎస్టేటు కోసం హీత్‌క్లిఫ్ చావుకు దగ్గరపడ్డ తన కొడుకుకి కాథరిన్ కూతురిని నిర్బంధించి పెళ్లి చేస్తాడు. పిల్ల చరాస్తి పెళ్లితోనే మొగుడిదయింది. మొగుడి చేత వీలునామా రాయించి దాన్ని తండ్రి తీసుకున్నాడు. మైనరు భూమిని వీలునామా రాయలేడు. కాబట్టి భూమి మీద అతని హక్కు చెల్లదు. కాని డబ్బూ, నా అనే మనుషులూ లేని ఆ పిల్ల అతన్ని కదిలించలేదని కథ చెపుతున్న దాసి నెల్లీయే అంటుంది. ఇది ఏ జిల్లా మునసబు కోర్టులోనైనా మనం చూడగల కథే.

వైలర్ చిత్రంలో మొదటి ఇల్లు అప్పుల కింద చేతులు మారటం ఉంది. రెండో తరమూ, ఆ పిల్లా, ఆ నిర్బంధ వివాహమూ లేవు. కసి తీర్చుకున్నవాడు చివరికి తనను హింసించినవాడి ప్రతిరూపమే అవుతాడన్న ఎమిలీ దారుణమైన గ్రహింపు లేదు. దానికి బదులు, చనిపోయిన ప్రేమికులు మంచులో చెయ్యీ చెయ్యీ పట్టుకుని నడిచిపోతారు. ఆ దృశ్యం నిర్మాత గోల్డ్విన్ పట్టుబట్టి పెట్టించినది. వైలర్ తియ్యనంటే, వేరేవాళ్లను నడిపించి తీయించి అతికించాడు. పెట్టుబడి పెట్టినవాడు నవలకు ముగింపు రాశాడన్నమాట.

1966 నాటి హిందీ చిత్రం 'దిల్ దియా దర్ద్ లియా' ఇంకో అడుగు వేసింది. హీత్‌క్లిఫ్ పాత్ర దిలీప్ కుమార్‌ది, నాయిక మళ్లీ వహీదా రెహమానే. అనాథగా దెబ్బలు తిన్న ఆ కుర్రాడు ఒక సంస్థానానికి తప్పిపోయిన వారసుడని తేలుతుంది! నవలలో లివర్‌పూల్ వీధిలో దొరికిన ఆ నల్లని పిల్లవాడు ఎవరో చివరిదాకా తేలదు. పొరుగింటి పెద్దమనిషి అతన్ని చూసి లాస్కర్ పిల్లవాడేమో అనుకుంటాడు. లాస్కర్ అంటే ఇంగ్లీషు ఓడల్లో కూలికి పనిచేసిన మన తూర్పు దేశాల నావికుడు. బానిసల వ్యాపారానికి పెద్ద రేవు లివర్‌పూల్. ఆ రేవు వీధిలో దొరికిన పిల్లవాడికి కులం, ఊరు, పేరు ఉండవు. అది ఆ కథకు మూలకందం. దాన్ని తీసుకొచ్చి రాజరక్తంగా మార్చింది మన సినిమా. ఎవరూ కాని మనిషి కోపాన్ని భరించటం మన నిర్మాతలకు ఎంత కష్టమో చూడండి.

2011లో ఆండ్రియా ఆర్నాల్డ్ తీసిన 'వుదరింగ్ హైట్స్' ఈ విషయంలో సరిగ్గా నిలబడింది. హీత్‌క్లిఫ్‌గా నల్లజాతి నటులను పెట్టింది. నేపథ్య సంగీతం లేదు. గాలి, బురద, కుక్కల అరుపులు, గోడకు తల కొట్టుకున్న చప్పుడు ఇవే సంగీతం. ప్రేమకథ అని చూడటానికి పోయినవాళ్లకు గొడ్డుచాకిరీ కనపడుతుంది. చివర్లో మాత్రం ఉన్నట్టుండి ఒక పాట మొదలుపెట్టి చెడగొట్టింది. ఆమె కూడా రెండో తరాన్ని వదిలేసింది. ఆ పిల్ల కథ తెరమీద పూర్తిగా చూడాలన్న నా కోరిక ఆమె దగ్గర కూడా తీరలేదు.

షార్లట్ బ్రాంటీ 'జేన్ ఎయిర్' కూడా 1847దే. నేను దీన్ని మొదట కాలేజీలో సంక్షిప్త పాఠ్యపుస్తకంగా చదివాను. పెళ్లి పీటల మీద రహస్యం బయటపడటం, అటకగదిలో పిచ్చి భార్య, ఇల్లు తగలబడటం అన్నీ ఉన్నాయి. చాలా ఏళ్ల తర్వాత అసలు నవల చదివితే, పాఠ్యపుస్తకం నా దగ్గర దాచిన అంకెలు కనిపించాయి. రోచెస్టర్ తండ్రి ఎస్టేటు ముక్కలు కాకూడదని అంతా పెద్ద కొడుక్కు ఇచ్చి, చిన్నవాడికి బ్రతుకుతెరువుగా జమైకాలో సంబంధం చూశాడు. కట్నం 30,000 పౌన్లు. ఆ డబ్బు తెచ్చిన బెర్తానే అటకగదిలో పెట్టి తాళం వేశారు. జేన్‌కు కూడా మదీరాలో వ్యాపారం చేసిన పినతండ్రి నుంచి 20,000 పౌన్లు వస్తాయి. దాన్ని నాలుగు భాగాలు చేసి తలా 5,000 పంచుతుంది. అంతేకాదు, జేన్‌ను పెళ్లాడి ఇండియాకు మిషనరీగా తీసుకుపోవాలనుకునే సెయింట్ జాన్ ఆమెకు హిందుస్తానీ నేర్పిస్తాడు. నవల ఆఖరి పేరాలు ఆ మనిషి గురించే, మన దేశం గడ్డ మీద అతని శ్రమ గురించే. మన దేశంలో పాఠంగా పెట్టిన పుస్తకంలోంచి మన దేశాన్నే కత్తిరించిన కత్తెర ఎవరిదో!

1943 నాటి హాలీవుడ్ 'జేన్ ఎయిర్' ఆ కత్తెరకు అన్న. ఆల్డస్ హక్స్లీ వంటివాడు స్క్రిప్టులో భాగస్వామి. ఆర్సన్ వెల్స్ రోచెస్టర్‌గా నీడల్లోంచి ఉరుముతూ వస్తాడు. మిషనరీ సెయింట్ జాన్ పల్లెటూరి డాక్టరుగా మారిపోయాడు, ఇండియా పోయింది, జేన్ వారసత్వమూ పోయింది. చేతిలో చిల్లిగవ్వ లేకుండా ఆమె రోచెస్టర్ దగ్గరకు తిరిగి రావటానికీ, స్వతంత్రురాలినని చెప్పుకుని రావటానికీ ఉన్న తేడా ఆ చిత్రానికి అక్కరలేదు. 2011లో ఫుకునాగా తీసిన చిత్రం ఆ 20,000నూ, ఇండియా ప్రస్తావననూ నిలబెట్టింది. అందుకు దానికి నమస్కారం. మద్రాసులో 1969లో ఇదే కథతో 'శాంతి నిలయం' అని తమిళ చిత్రం వచ్చింది. మన కాంచన నాయిక. 'మాయాబజార్' తీసిన మార్కస్ బార్ట్‌లీ కెమెరా, జాతీయ బహుమతి. కంటికి విందు. అంతకు మించి నేను అందులో వెతుక్కోలేదు.

నాకు అన్నిటికంటే ఇష్టమైనది పేరు చెప్పుకోవటానికే సిగ్గుపడేటంత చౌకబారు పేరున్న సినిమా: 'ఐ వాక్డ్ విత్ ఎ జోంబీ'. అదీ 1943దే. ఆర్.కె.ఓ. కంపెనీ తక్కువ ఖర్చు భయానక చిత్రాల విభాగాన్ని వాల్ ల్యూటన్‌కు అప్పగించి పేర్లు తనే ఇచ్చేది. ఆ పేరు చేతిలో పెట్టుకుని ల్యూటన్ 'జేన్ ఎయిర్'ను వెస్టిండీస్‌కు పంపించాడు. దర్శకుడు జాక్ టూర్నర్. నిడివి గంటా పది నిమిషాలు కూడా లేదు. కెనడా నుంచి ఒక నర్సు సెయింట్ సెబాస్టియన్ దీవిలో చెరకు తోటల యజమాని భార్యకు సేవ చెయ్యటానికి వస్తుంది. ఆ భార్య నడుస్తుంది, తింటుంది, మాట్లాడదు, గుర్తించదు. రేవు నుంచి తోటకు పోతుంటే గుర్రబ్బండి తోలే నల్లజాతి మనిషి, తన పూర్వీకులను ఓడ అడుగున గొలుసులతో కట్టి ఈ యజమానుల కుటుంబమే ఇక్కడికి తెచ్చిందని చెపుతాడు. వచ్చిన చోటు అందంగానే ఉంది కదా అంటుంది నర్సు. మీరు అలా అంటే అలాగే అన్నట్టు మర్యాదగా ఊరుకుంటాడు. ఆ మర్యాద ముందు వెల్స్ ఉరుములన్నీ దిగదుడుపే.

ఆ బానిస ఓడ ముక్కుకు బిగించిన కొయ్యబొమ్మ ఇప్పుడు తోట యజమాని పెరట్లో ఉంది. బాణాలు గుచ్చుకున్న సెయింట్ సెబాస్టియన్ విగ్రహం, మీదుగా నీళ్లు కారుతుంటాయి. బిడ్డ పుడితే ఏడ్చి, మనిషి పోతే పండుగ చేసుకునే ఆచారం బానిసత్వం నుంచి వచ్చిందని యజమానే చెపుతాడు. బ్రిటిషు పార్లమెంటు 1833లో బానిసత్వం రద్దు చేసినప్పుడు 2 కోట్ల పౌన్ల పరిహారం యజమానులకు ఇచ్చింది, బానిసలకు దమ్మిడీ ఇవ్వలేదు. డొమినికాలో పుట్టిన జీన్ రిస్ 1966లో 'వైడ్ సర్గాసో సీ' రాసి బెర్తాకు గతమిచ్చినప్పుడు, ఆ పరిహారం కోసం కనిపెట్టుకుని కూర్చున్న యజమానులతోనే కథ ఎత్తుకుంది. (ఆ నవల మీద 1993లో వచ్చిన చిత్రం పరుపు చుట్టూనే తిరిగింది.) రిస్ కంటే 23 ఏళ్ల ముందు, యుద్ధకాలంలో, రెండో రకం హాళ్ల కోసం తీసిన చిత్రం రోచెస్టర్ కట్నం ఏ పొలాల్లో పండిందో చూపించింది.

దోషాలు లేవనను. నల్లజాతివాళ్ల మతాన్ని డప్పుల భయంగా వాడుకోవటం ఉంది. తోటలో పనిచేసేవాళ్లు కథ చెపుతారు, పాడతారు, కథ మాత్రం వాళ్లది కాదు. ప్రేమ త్రికోణం తేలిపోయాక కెమెరా మళ్లీ పెరట్లోని కొయ్యబొమ్మ మీదికి వచ్చి నిలుస్తుంది, అక్కడితో చిత్రం అయిపోతుంది.

కిందటేడు మా అక్కకు ఇది చూపించాను. ఎనభై దాటిందామెకు. ఇంగ్లీషు రాదు కాబట్టి పక్కన కూర్చుని చెపుతూ పోయాను. బొమ్మ సంగతి రెండుసార్లు చెప్పించుకుంది. అయిపోయాక, "ఇంతకీ ఆ తోట చివరికి ఎవరికి పోయిందిరా?" అంది. అది చిత్రంలో లేదన్నాను.